కుక్కకు, పిల్లికి నొప్పి మందులు, ఫిట్స్ మందులు: ఇంట్లో జాగ్రత్తగా వేసే విధానం

ఇంట్లో పెంచుకునే కుక్కకో పిల్లికో పశువైద్యులు రాసిచ్చే మందుల్లో రెండు రకాల విషయంలో మన బాధ్యత మిగతావాటికన్నా ఎక్కువ. ఒకటి నొప్పి మందు, రెండోది మూర్ఛకు, అంటే అందరూ ఫిట్స్ అని పిలిచే జబ్బుకు వాడే మందు. ఈ రెండింటినీ ఒకే పద్ధతిలో వాడకూడదు. మెలాక్సికామ్ వంటి నొప్పి మందు వాడుతుండగా వాంతులో, నల్లటి విరేచనమో కనబడితే ఆ పూట మందు ఆపేసి, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఫినోబార్బిటాల్ వంటి ఫిట్స్ మందును మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపకూడదు. కుంటు తగ్గలేదని వాంతులవుతున్నా నొప్పి మందు కొనసాగించేవారు, ఆరు నెలలుగా ఫిట్స్ రాలేదని మాత్రలు మానేసేవారు, ఇద్దరూ ప్రేమతోనే ఆ పని చేస్తారు. ప్రాణం మీదికి వచ్చేది మాత్రం ఆ మూగజీవానికి. కాబట్టి చేతిలో ఉన్న మందు ఏ రకానిదో తెలుసుకోవడంతోనే జాగ్రత్త మొదలవ్వాలి.

మన మందుల డబ్బా జోలికి పోవద్దు

కుక్క కుంటుతోందనో, పిల్లి మూలకు చేరి తిండి మానేసిందనో జాలిపడి, ఇంట్లోవాళ్లు వేసుకునే మాత్రను సగం విరిచి పెట్టడం చాలా ఇళ్లలో కనబడే అలవాటు. పసిపిల్లలకు పోసేదే కదా అన్న ధీమాతో పారాసిటమాల్ సిరప్ పోసేవారూ ఉన్నారు. పిల్లికి పారాసిటమాల్ విషం. ఏ మోతాదులోనూ ఇవ్వకూడదు. మన కాలేయం ఆ మందును గ్లూకురానిక్ ఆమ్లంతో జతచేసి, హాని లేని రూపంలో బయటకు పంపగలదు. పిల్లి కాలేయానికి ఆ శక్తి బాగా తక్కువ. అందువల్ల మందు విషపదార్థంగా మారి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది, హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి వస్తుంది. కొన్ని గంటల్లోనే చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో మారతాయి, ముఖమూ పాదాలూ ఉబ్బుతాయి, ఊపిరి భారమవుతుంది. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. విరుగుడుగా ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందు ఉంది గానీ, అది ఎంత త్వరగా పడితే అంత మేలు. తెల్లవారాక చూద్దాంలే అనుకునే వ్యవధి ఉండదు.

కుక్కలకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ ప్రమాదకరం. ఇవి జీర్ణాశయంలో పుండ్లు పుట్టించి రక్తస్రావానికి దారితీస్తాయి, ఎక్కువ పడితే మూత్రపిండాలను చెడగొడతాయి. బ్రాండు పేరు చూసి లోపల ఏముందో ఊహించకూడదు. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్‌తో పాటు పారాసిటమాల్ ఉంటుంది. అల్ట్రాసెట్‌లో ట్రమడాల్ అనే నొప్పి మందుతో పాటు పారాసిటమాల్ ఉంటుంది. డాక్టరు పిల్లికి ట్రమడాల్ రాశారని, దుకాణంలో దానికి బదులుగా అల్ట్రాసెట్ ఇస్తే తెచ్చి వేయడం విషం పెట్టడంతో సమానం. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేర్లన్నీ చదివిన తర్వాతే మాత్ర విప్పాలి.

డైక్లోఫెనాక్ గురించి ఇక్కడ ఇంకొక మాట చెప్పవలసి ఉంది. ఆ మందు పొందిన పశువుల కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై లక్షల సంఖ్యలో చనిపోవడం వల్ల, భారత ప్రభుత్వం 2006లో పశువైద్యంలో దాని వాడకాన్ని నిషేధించింది. 2023లో అసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్ కూడా ఆ నిషేధం కిందికి వచ్చాయి. ఒక జీవికి నొప్పి తగ్గించే మందు మరొక జీవిని చంపగలదనడానికి మన దేశంలోనే ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు.

చీటీ, స్ట్రిప్, సిరంజి

మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి, మొదట బరువు సరిగా తెలియాలి. మనం బరువు చూసుకునే మిషన్ మీద కుక్కను ఎత్తుకుని నిలబడి, తర్వాత ఒంటరిగా నిలబడి, తేడా లెక్కగట్టవచ్చు. ఏడాది క్రితం చీటీ మీద రాసిన బరువును ఈనాటికీ నమ్ముకోవడం సరికాదు. ఫినోబార్బిటాల్ వాడే కుక్కలకు ఆకలి పెరుగుతుంది కాబట్టి వాటి బరువు త్వరగా మారుతుంది కూడా.

తర్వాత చూడవలసినది మాత్ర బలం. ఉదాహరణకు 12 కిలోల నాటు కుక్కకు డాక్టరు కిలోకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున ఫినోబార్బిటాల్ నిర్ణయిస్తే పూటకు 30 మిల్లీగ్రాములు అవుతుంది. మన మందుల దుకాణాల్లో గార్డినాల్ పేరుతో 30, 60 మిల్లీగ్రాముల మాత్రలు రెండూ దొరుకుతాయి. పోయిన నెల 30 మాత్ర ఒకటి వేసిన ఇంట్లో, ఈ నెల దుకాణదారుడు 60 స్ట్రిప్ ఇచ్చినప్పుడు కూడా అలవాటు కొద్దీ ఒకటే వేస్తే మోతాదు రెట్టింపు అవుతుంది. మందు కొత్తగా తెచ్చిన ప్రతిసారీ పాత స్ట్రిప్ పక్కన కొత్త స్ట్రిప్ పెట్టి, పేరూ అంకే రెండూ పోల్చిచూడాలి. మాత్రలు సగం చేయాలంటే మందుల దుకాణాల్లో దొరికే పిల్ కట్టర్ వాడటం మంచిది. కత్తిపీటతో కోస్తే ఒక ముక్క పెద్దదై, ఒకటి పొడి అవుతుంది.

ద్రవ రూపంలో ఉన్న మందుల్లో మిల్లీగ్రాములకూ మిల్లీలీటర్లకూ మధ్య గందరగోళం జరుగుతూ ఉంటుంది. మెలాక్సికామ్ ద్రవం కుక్కలకైతే సాధారణంగా ఒక మిల్లీలీటరులో 1.5 మిల్లీగ్రాముల మందుతో వస్తుంది. పిల్లుల కోసం తయారైనదానిలో 0.5 మిల్లీగ్రాములే ఉంటుంది. అంటే కుక్క సీసాలోంచి పిల్లి సిరంజి గీత దాకా తీస్తే మూడు రెట్లు మందు పడినట్టే. పైగా కుక్కకు మెలాక్సికామ్ మొదటి రోజు కిలోకు 0.2 మిల్లీగ్రాములు, రెండో రోజు నుంచి అందులో సగం ఇవ్వడం పరిపాటి. మొదటి రోజు కొలతనే వారమంతా కొనసాగించడం జరుగుతుంటుంది కాబట్టి, రెండో రోజు నుంచి ఏ గీత దాకా తీయాలో సిరంజి మీదే మార్కర్‌తో గీసిమ్మని డాక్టరును అడగడంలో మొహమాటం అక్కరలేదు. ఇన్సులిన్ సిరంజి మీద ఉండే అంకెలు యూనిట్లు. వాటిని మిల్లీలీటర్లుగా చదవకూడదు. ఈ లెక్కలన్నీ చీటీని అర్థం చేసుకోవడానికే చెప్పినవి, సొంతంగా మోతాదు కట్టుకోవడానికి పనికిరావు.

చీటీ మీద ఓ.డి. అంటే రోజుకు ఒకసారి, బి.డి. అంటే రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైనప్పుడు మాత్రమే. ఫిట్స్ మందుకు బి.డి. అని ఉంటే ఉదయం టిఫిన్‌తో ఒకటి, సాయంత్రం టీ వేళకు ఒకటి అని అర్థం చేసుకోకూడదు. ఉదయం 8 గంటలకు వేస్తే రాత్రి 8 గంటలకే వేయాలి. ఫోనులో అలారం పెట్టుకుని, వేసిన పూట గోడ క్యాలెండరు మీద టిక్కు కొట్టడం వల్ల ఇంట్లో ఒకరు వేశాక మరొకరు మళ్ళీ వేసే ప్రమాదం తప్పుతుంది. నలుగురున్న ఇంట్లో ఆ క్యాలెండరు మందంత ముఖ్యమని నేను నమ్ముతాను.

మందు మొదలుపెట్టే ముందు డాక్టరుకు తప్పక చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. చర్మం దురదకు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ వాడుతున్నారా అన్నది మొదటిది. స్టెరాయిడ్‌తో కలిపి మెలాక్సికామ్, కార్ప్రోఫెన్ వంటి నొప్పి మందులు ఇస్తే కడుపులో పుండ్లు పడి రక్తం కారే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పిడుదుల కోసం నెక్స్‌గార్డ్, బ్రవెక్టో వంటి మాత్రలు వేస్తుంటే, ఫిట్స్ ఉన్న జంతువు విషయంలో అది కూడా చెప్పాలి. ఆ తరగతి మందులు కొన్ని జంతువుల్లో ఫిట్స్ తెప్పించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. పిడుదు జ్వరానికి వాడే డాక్సీసైక్లిన్ విషయమూ దాచకూడదు, ఎందుకంటే ఫినోబార్బిటాల్ దాని బలాన్ని తగ్గిస్తుంది. మూత్రపిండాల జబ్బు, కాలేయం జబ్బు, చూలు, పాలిచ్చే స్థితి, ఇవన్నీ చెప్పవలసినవే. కుక్కల పిడుదులకు చల్లే పెర్మెత్రిన్ మందు పిల్లికి తగిలితే దానికి వణుకూ ఫిట్స్ వస్తాయి కాబట్టి, రెండూ పెరిగే ఇంట్లో ఆ సంగతీ గుర్తుంచుకోవాలి.

మాత్ర గొంతు దిగేలా

నొప్పి మందును తిండితో పాటు ఇవ్వడం మేలు. తిండి ముట్టని రోజున, వాంతులు విరేచనాలతో నీరసించిన రోజున, ఎండకు వడదెబ్బ తగిలిన రోజున మెలాక్సికామ్ వేయకూడదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదం ఎక్కువ. గిన్నెలో నీళ్లు ఎప్పుడూ ఉండాలి.

కుక్కకు మాత్రను ఇడ్లీ ముక్కలోనో, ఉడికించిన కోడిమాంసం ముక్కలోనో, పనీరులోనో దాచిపెట్టవచ్చు. మూడు చిన్న ముక్కలు సిద్ధం చేసుకుని మొదటిది ఖాళీగా, రెండోది మాత్రతో, మూడోది మళ్ళీ ఖాళీగా వెంటవెంటనే ఇస్తే, మూడోదాని కోసం ఆత్రపడి రెండోదాన్ని నమలకుండా మింగేస్తుంది. గిన్నె నిండా అన్నంలో పొడి చేసి కలిపితే సగం తిని వదిలేసిన రోజున ఎంత మందు పడిందో ఎవరూ చెప్పలేరు. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూరలో మాత్ర దాచకూడదు, అవి రెండూ కుక్కకూ పిల్లికీ రక్తహీనత తెచ్చేవి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా పనికిరావు.

పిల్లికి మాత్ర వేయడం ఓర్పుతో కూడిన పని. దానిని తువ్వాలులో చుట్టి, తల మాత్రమే బయట ఉండేలా ఒడిలో పెట్టుకోవాలి. ఎడమ చేతి బొటనవేలూ చూపుడువేలూ చెంప ఎముకల మీద ఆనించి తలను కొద్దిగా పైకెత్తితే కింది దవడ దానంతట అదే కాస్త తెరుచుకుంటుంది. కుడిచేతి మధ్యవేలితో ముందు పళ్లను కిందికి నొక్కి, మాత్రను నాలుక వెనక భాగం మీద మధ్యలో వేసి, నోరు మూసి గొంతును మెల్లగా నిమరాలి. ముక్కును నాలుకతో నాకిందంటే మింగినట్టే. వెంటనే సిరంజితో చెంప పక్క నుంచి 5 మిల్లీలీటర్ల నీళ్లు కొద్దికొద్దిగా పట్టించాలి. ఈ నీళ్ల సంగతి చాలామంది వదిలేస్తారు. పొడి మాత్ర పిల్లి అన్నవాహికలో ఇరుక్కుని అక్కడే పుండు చేయగలదు. డాక్సీసైక్లిన్ మాత్ర ఇందుకు పేరుమోసినది. ద్రవ మందును తల వెనక్కి వంచి గొంతులోకి ఎప్పుడూ చిమ్మకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

లెవిటిరాసెటమ్ వంటి ఫిట్స్ మందుల్లో మామూలు మాత్రలూ, నెమ్మదిగా కరిగే మాత్రలూ రెండూ ఉంటాయి. రెండో రకాన్ని విరవకూడదు, నూరకూడదు. విరిస్తే పన్నెండు గంటలకు సరిపడే మందు ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. మామూలు రకమైతే ఎనిమిది గంటలకొకసారి వేయాలి, కాబట్టి ఉద్యోగానికి వెళ్లేవారు ఏ రకం తమకు వీలవుతుందో ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఫిట్స్ మందు ఎందుకు ఆపకూడదు

ఫినోబార్బిటాల్ మొదలుపెట్టిన రోజే పనిచేయడం పూర్తి కాదు. రక్తంలో దాని స్థాయి నిలకడకు రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఈలోగా కుక్క మత్తుగా ఉంటుంది, నడకలో తూలుతుంది, తిండికీ నీళ్లకూ ఆవురావురుమంటుంది, మూత్రం ఎక్కువగా పోస్తుంది. ఇది చూసి భయపడి మందు మాన్పించేవారే ఎక్కువగా నష్టపోతారు. మత్తు, తూలుడు సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గిపోతాయి. ఆకలి, దాహం కొంతవరకు మిగిలిపోవచ్చు, దానికి తిండి కొలత తగ్గించుకోవాలి. రక్తంలో మందు స్థాయిని రెండు మూడు వారాల తర్వాత ఒకసారి, ఆ తర్వాత సుమారు ఆరు నెలలకొకసారి కాలేయ పరీక్షలతో కలిపి చూపించాలి. కుక్కలో ఆ స్థాయి మిల్లీలీటరుకు 15 నుంచి 35 మైక్రోగ్రాముల మధ్య ఉండేలా డాక్టర్లు చూస్తారు. కొన్ని నెలలు గడిచేసరికి కాలేయం ఆ మందును త్వరగా కరిగించడం నేర్చుకుంటుంది కాబట్టి, మొదట సరిపోయిన మోతాదే తర్వాత చాలకపోవచ్చు. పరీక్ష అవసరం అందుకే.

అలవాటైన మెదడుకు ఆ మందు హఠాత్తుగా అందకపోతే, అంతకుముందు ఎన్నడూ రానంత తీవ్రమైన ఫిట్స్ వరుసగా రావచ్చు. మందు తగ్గించవలసి వచ్చినా నెలల తరబడి మెట్లుమెట్లుగా తగ్గిస్తారు. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసి, తర్వాతి పూట మామూలు వేళకు వేయాలి. తర్వాతి పూట దగ్గరపడితే డాక్టరును అడగాలి గానీ, రెండు పూటలవి కలిపి వేయకూడదు. వేసిన కాసేపటికే వాంతి చేసుకుంటే మాత్ర బయటపడిందా లేదా చూసి, ఫోన్ చేసి చెప్పాలి.

మాత్రలు అయిపోయేదాకా ఆగితే ఇబ్బంది తప్పదు. ఫినోబార్బిటాల్, ఆగని ఫిట్‌ను ఆపడానికి వాడే డయాజెపామ్, ట్రమడాల్ మూడూ మత్తుమందుల చట్టం పరిధిలోకి వచ్చేవి; చీటీ లేకుండా దుకాణదారుడు ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా. చీటీ పాతదైతే కొత్తది రాయించుకోవాలి. అందువల్ల కనీసం రెండు వారాల మాత్రలు మిగిలి ఉండగానే తెచ్చుకోవాలి. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు మాత్రలతో పాటు చీటీ ఫోటో కూడా వెంట ఉండాలి. కుక్కను ఎవరింట్లోనైనా వదిలి వెళితే, పూటకొక చిన్న పొట్లం కట్టి తేదీ, వేళ రాసి ఇవ్వాలి.

పొటాషియం బ్రోమైడ్ అనే మరో ఫిట్స్ మందు వాడే కుక్కల తిండిలో ఉప్పు రోజూ ఒకే తీరుగా ఉండాలి. ఉప్పు పెరిగితే మూత్రపిండాలు బ్రోమైడ్‌ను త్వరగా బయటకు పంపేస్తాయి, మందు స్థాయి పడిపోతుంది. ఉప్పు తగ్గితే స్థాయి పెరిగి మత్తు వస్తుంది. ఇవాళ చప్పటి అన్నం, రేపు చారన్నం, ఎల్లుండి ఎండుచేప అనే పద్ధతి ఈ మందుతో కుదరదు. ఈ మందు పిల్లులకు ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది కాబట్టి వాటికి వాడరు. అలాగే డయాజెపామ్ మాత్రలు నోటి ద్వారా ఇస్తే కొన్ని పిల్లుల కాలేయం పూర్తిగా పాడవుతుంది.

నొప్పికి రాసే గాబాపెంటిన్ నొప్పి మందులకూ ఫిట్స్ మందులకూ మధ్యలో ఉంటుంది. ఫిట్స్ ఉన్న జంతువుకు నొప్పి కోసమే రాసినా దీన్ని ఉన్నపళంగా ఆపకూడదు. మనుషుల కోసం తయారైన గాబాపెంటిన్ ద్రవాల్లో కొన్నింటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. అది కుక్కల రక్తంలో చక్కెరను అరగంట, గంటలోనే ప్రమాదకరంగా పడగొడుతుంది, అదే ఫిట్స్‌కూ కారణమవుతుంది. అమెరికాలో ఉండే మనవాళ్లు మాత్ర దాచడానికి వాడే వేరుశనగ వెన్న సీసా మీద కూడా ఈ పేరు ఉందేమో చూడాలి. ట్రమడాల్ ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది కాబట్టి, ఫిట్స్ చరిత్ర తెలియని కొత్త డాక్టరు రాసినప్పుడు గుర్తుచేయవలసిన పని మనదే.

ఫిట్ వచ్చినప్పుడు

మొదట గడియారం చూడాలి. చుట్టూ ఉన్న కుర్చీలు జరిపి, మెట్ల అంచు నుంచి దూరంగా లాగి, లైటు, టీవీ ఆపి, నోటికి దూరంగా ఉండాలి. నాలుక మింగేస్తుందన్న భయంతో నోట్లో చెంచానో, వేలో పెట్టడం, నీళ్లు పోయడం, తాళంచెవులు పట్టించడం, ఉల్లిపాయ వాసన చూపించడం ఏవీ చేయకూడదు. ఆ క్షణంలో కరిచినా అది తెలిసి కరిచింది కాదు. వీలైతే ఇంకొకరు ఫోనులో వీడియో తీయాలి, డాక్టరుకు ఆ వీడియో ఎంతో ఉపయోగపడుతుంది. ఫిట్ ఐదు నిమిషాలు దాటినా, ఇరవై నాలుగు గంటల్లో రెండు లేక అంతకన్నా ఎక్కువ వచ్చినా, రెండింటి మధ్య పూర్తిగా తెలివి రాకపోయినా అత్యవసరమే. అలాంటి సమయం కోసం మలద్వారం ద్వారా ఇచ్చే డయాజెపామో, ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రేనో డాక్టరు ముందే ఇచ్చి ఉంచవచ్చు. ఇచ్చే తీరు వారి ఎదుటే ఒకసారి చేసి చూపించుకోవాలి. డయాజెపామ్‌ను ముందుగా ప్లాస్టిక్ సిరంజిలో ఎక్కించి దాచకూడదు, మందు ప్లాస్టిక్‌కు అంటుకుని బలం తగ్గిపోతుంది. గాజు యాంప్యూల్‌లోనే ఉంచి, అవసరమైనప్పుడు తీయాలి. పూర్తిగా తెలివి వచ్చి మింగగలిగేదాకా నోట్లో మాత్ర గానీ, తిండి గానీ పెట్టకూడదు.

మోతాదు ఎక్కువైనా, స్ట్రిప్పే కొరికి తిన్నా

మందులు కింద అరలో, హ్యాండ్‌బ్యాగులో, మంచం పక్క బల్ల మీద ఉంచకూడదు. కుక్క ప్లాస్టిక్ డబ్బాను కొరికేయగలదు. ఎండాకాలంలో ఆపి ఉంచిన కారులో మందులు వదిలేస్తే వేడికి పాడవుతాయి.

ఎక్కువ మందు పడిందని అనుమానం వచ్చినప్పుడు లక్షణాలు కనబడేదాకా ఆగకూడదు. ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని చూడటం మన దగ్గర పాత అలవాటు. ఆ ఉప్పే రక్తంలో సోడియంను పెంచి ఫిట్స్ తెప్పించగలదు. మత్తులో ఉన్న జంతువును కక్కిస్తే ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కక్కించాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని మాత్రలు మాయమయ్యాయి, ఎన్ని గంటలకు, జంతువు బరువెంత, ఈ ఐదూ కాగితం మీద రాసుకుని, చిరిగిన స్ట్రిప్‌తో సహా బయలుదేరాలి. దగ్గర్లో డాక్టరు లేని ఊళ్లవారు రెండు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం గురించి అడగవచ్చు. అది ప్రధానంగా పాడిపశువుల కోసం నడిచేదే అయినా, కనీసం దగ్గరి ఆసుపత్రి ఎక్కడో తెలుస్తుంది. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రుల్లో కుక్కలనూ పిల్లులనూ చూస్తారు. మీ ఇంటికి దగ్గరలో రాత్రివేళ తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో, దాని నంబరేమిటో ఇవాళే కనుక్కుని, మందులు వేసే క్యాలెండరు మీదే రాసిపెట్టుకోండి.